అంకె చిన్నదైతేనే పెద్ద

జూన్ నెల. చిత్తూరు దాటి బంగారుపాళ్యం దారిలో
పల్పు ఫ్యాక్టరీ ముందు తోతాపురి ట్రాక్టర్లు
కిలోమీటరు పొడుగునా.
కాటా దగ్గర కంప్యూటరు మళ్లీ బిగుసుకుంది.
పదిహేను సెకన్లు వినడం, పదిహేను సెకన్లు నేర్చుకోవడం,
స్విచ్చికి అది చదువు.
ఎండలో కాయ కారిపోతున్నవాడికి అరపూట.
"ఏమ్మా, మీ మిషను నిద్రబోతాందా?"
తువ్వాలుతో ఈగలు తోలుకుంటూ దేశప్ప.

నిద్ర కాదు పెద్దాయనా, పంచాయితీ.

రోడ్డుకి అవతల కోల్డ్ స్టోరేజీలో ఒక పాత స్విచ్చి,
జనరేటరు మారినప్పుడల్లా చచ్చి పుడుతుంది.
లేచిందంటే రెండు సెకన్లకొకసారి ఒకటే మాట:
"వేరు నేనే. చెట్టంతా నా నుంచే."
మావి పన్నెండూ చేసే పని ఆపి తలవంచుతాయి.
ఈ వంశంలో అంకె చిన్నదైతేనే మనిషి పెద్ద.
పుట్టిననాడు నుదుటి మీద కొట్టిన నెంబరు
దానిది అందరికన్నా చిన్నది.
అంతకుమించి దానికే అర్హతా లేదు.

రాత్రి తొమ్మిదికి కూర్చున్నాను.
సర్వర్ గదిలో కూడా పులిసిన మామిడి వాసనే.
యాక్సెస్ లిస్టు, మొదటి వరుస:
సున్నా ఒకటి, ఎనభై, సీ రెండు, ఆపైన అన్నీ సున్నాలు,
ఆ చిరునామాకి వచ్చే ఉత్తరం ఏదైనా గేటులోనే చింపెయ్.
రెండో వరుస: మిగతావాళ్లని రానీ.
అది మరిచిపోతే
ఎవరూ రాయని మూడో వరుస ఒకటి కింద కాచుకుని ఉంటుంది:
ఎవర్నీ రానీకు.
పలమనేరు పాల డెయిరీలో ఒకసారి మరిచాను.
ఆరువేల లీటర్లు లెక్కలేకుండా నిలబడ్డాయి,
విరిగే దాకా.

పదకొండు రోజులు నెమ్మది.
అవతల పాతాయన అరుస్తూనే ఉండుంటాడు.
మాకు వినబడలేదు, అదే సుఖం.
మేనేజరు లోకనాథం కాఫీ తెప్పించాడు.

పన్నెండో నాడు ఎలక్ట్రీషియన్ చెంగల్రాయులు,
నాకు సాయమవుతుందని,
రేకుల మీదుగా ఇంకో కేబులు లాగాడు అవతలికి.
"ఒకటి తెగితే ఇంకొకటుంటాది గదా మేడమ్."
నిజమే.
దారులు రెండయ్యాయి, జాగ్రత్త అని చెప్పాల్సిన ఉత్తరాన్ని
గేటులో చింపుతున్నది నేను.

ఏదో ప్రింటరు, ఫలానా చిరునామా ఎవరిదని
ఒక్క కేక వేసింది.
ఆ కేక ఈ దారిన పోయి ఆ దారిన వచ్చి
మళ్లీ పోయి మళ్లీ వచ్చి
గంగజాతర రాత్రి సందులో ఇరుక్కున్న జనంలా
ముందుకీ లేదు, వెనక్కీ లేదు.
దీపాలన్నీ ఆకుపచ్చగా, ఒక్కసారిగా, పిచ్చిపట్టినట్టు.
"ఎంత బాగా పనిచేస్తాండాయి!" అన్నాడు చెంగల్రాయులు.
అంత పచ్చదనం చూసి భయపడింది ఆ గదిలో నేనొక్కదాన్నే.

కేబులు పీకాను. లిస్టు చెరిపాను.
మా నడిమి స్విచ్చికి ప్రాధాన్యం తగ్గించి రాశాను:
నాలుగువేల తొంభైయారు.
మొదటిరోజే చెయ్యాల్సిన పని.
ఆ రాత్రి ఎందుకో
అవతలివాడి మాట చింపడమే సులువనిపించింది.

మళ్లీ కరెంటు పోయింది, జనరేటరు దగ్గింది.
పాతాయన లేచాడు, వేరు నేనే అన్నాడు,
మా అంకె విన్నాడు,
ఊరుకున్నాడు.

చెంగల్రాయుల కేబులు తిరిగి పెట్టి
ఇద్దరం రోడ్డు దాటి వెళ్లి చూశాం.
అవతలి కొసన దీపం నారింజ రంగుకి తిరిగి
అక్కడే నిలబడిపోయింది.
"కాలిపోయిందా మేడమ్?"
లేదన్నా. అది ఏమీ పోనివ్వదు, రానివ్వదు.
వింటా ఉంటుంది.

వచ్చే ముందు పాతాయన ఫ్యాను మీది దుమ్ము
చున్నీ కొసతో తుడిచాను.